మతమా, కాదా: అడుగుతున్నది ఎవరు, ఎందుకు?

ఫలానాది మతమా కాదా అని ఎవరినైనా అడిగితే ఠక్కున నాలుగు గుర్తులు చెబుతారు. ఒక దేవుడు, ఒక గ్రంథం, ఒక స్థాపకుడు, ఒక గుడి. వీటిని పట్టుకుని లెక్క మొదలుపెడితే రెండో అడుగులోనే చిక్కు వస్తుంది. జైనంలో సృష్టికర్త లేడు. బుద్ధుడు ఆ ప్రశ్ననే పక్కన పెట్టాడు. హిందువులకు ఒక స్థాపకుడు లేడు, అందరూ ఒప్పుకునే ఒకే గ్రంథమూ లేదు. అయినా వీటిని మతాలు కావని ఎవరూ అనరు. మరి కమ్యూనిజం సంగతేమిటి? దానికి మూలగ్రంథాలున్నాయి, వాటిని రాసినవాళ్ళున్నారు, దాని కోసం ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు. తెలంగాణ పల్లెల్లో అమరవీరుల స్తూపం దగ్గర ఏటా జెండా ఎగరేసి, పాటలు పాడి, కన్నీళ్ళు పెట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. దాన్ని మాత్రం మతం అనం.

పండితులు కూడా ఈ చిక్కును తేల్చలేకపోయారు. 1871లో ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లండు మానవశాస్త్రవేత్త, కంటికి కనిపించని ఆత్మల మీద నమ్మకమే మతం అన్నాడు. ఆ లెక్కన తొలినాటి బౌద్ధం సగం బయట పడుతుంది. 1912లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్కహైమ్ దేవుణ్ణి పక్కన పెట్టేశాడు. పవిత్రమని వేరు చేసి పెట్టుకున్న వస్తువులు, వాటి చుట్టూ నమ్మకాలు, ఆచారాలు, వాటితో ఒక్కటైన సమాజం ఉంటే అది మతమేనన్నాడు. ఇప్పుడు బౌద్ధం లోపలికి వచ్చింది, దాంతో పాటే అమరవీరుల స్తూపమూ వచ్చేసింది.

ఈ ప్రశ్నను ఊరికే గాల్లో అడిగితే జవాబు దొరకదని నా నమ్మకం. నిజానికి బయట ఎవరూ దీన్ని ఊరికే అడగరు. పన్ను మినహాయింపు, గుడి ఆస్తి, కాలేజీ యాజమాన్యం, రిజర్వేషన్ సర్టిఫికెట్, పెళ్ళి చెల్లుబాటు... ఇలా ఏదో ఒకటి తేలాల్సి వచ్చినప్పుడే ఇది ముందుకొస్తుంది. కాబట్టి అడిగేవాళ్ళు ఎవరో, జవాబు మీద ఏం ఆధారపడి ఉందో చూడకుండా నిర్వచనాల జోలికి పోతే దారి తప్పుతాం. దీనికి మన దేశపు కోర్టు తీర్పుల కంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ఉడుపిలో మధ్వ సంప్రదాయానికి చెందిన ఎనిమిది మఠాలున్నాయి. అక్కడి కృష్ణుడి పూజ బాధ్యత రెండేళ్ళకొకసారి ఒక మఠం నుంచి ఇంకో మఠానికి మారుతుంది. దాన్ని పర్యాయం అంటారు. వంతు వచ్చిన మఠం ఆ రెండేళ్ళూ పూజలు, అన్నదానాల ఖర్చంతా భరించాలి. వాటిలో ఒకటైన శిరూరు మఠం అలా అప్పుల్లో పడింది. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. దేవాదాయ అధికారులు మఠం వ్యవహారాల్లో జోక్యం చేసుకున్నారు, మఠాధిపతి కోర్టుకు వెళ్ళారు. 1951లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన దేవాదాయ చట్టం కూడా ఆ వివాదంలో భాగమైంది. ప్రభుత్వం వైపు వాదన సూటిగానే ఉంది: మతమంటే మనసులోని నమ్మకం, డబ్బుతో ముడిపడిన పనులన్నీ లౌకికం, వాటిని నియంత్రించే హక్కు మాకుంది.

1954లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి తరఫున జస్టిస్ బి.కె. ముఖర్జియా రాసిన తీర్పు ఈ విషయంలో మన దేశానికి పునాదిరాయి. అంతకు ముందు 1890లో అమెరికా సుప్రీంకోర్టు, ఐడహో ప్రాంతంలో మోర్మన్లు అనే మత శాఖ కేసులో, మతమంటే మనిషికి తన సృష్టికర్తతో ఉండే సంబంధం గురించిన అభిప్రాయాలు అని చెప్పింది. ముఖర్జియా దాన్ని ఒప్పుకోలేదు. దేవుణ్ణి నమ్మని బౌద్ధ, జైన మతాలున్న దేశంలో ఆ కొలత పనికిరాదన్నారు. మతం నమ్మకం దగ్గరే ఆగిపోదని, పూజా విధానం, ఆచారం, ఒక్కోసారి తిండి, బట్ట దాకా వెళ్తుందని రాశారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఫలానా వేళకు దేవుడికి నైవేద్యం పెట్టాలని ఒక సంప్రదాయం చెబితే, ఆ నైవేద్యం మతంలో భాగమే. దానికి బియ్యం కొనాలి, వంటవాళ్ళకు జీతం ఇవ్వాలి కాబట్టి అది లౌకికం అయిపోదు. మనిషి చేసే పనినీ నమ్మకాన్నీ విడదీయలేమని ఇంత తేలిగ్గా చెప్పిన వాక్యాలు తక్కువ.

అయితే ఏది మతానికి ముఖ్యమో ఆ మతం సిద్ధాంతాన్ని బట్టే తేల్చాలని కూడా తీర్పు చెప్పింది. వినడానికి బాగుంది. కానీ తేల్చేది కోర్టే కదా. ఆ తర్వాత జడ్జిలు శాస్త్రాలు తిరగేసి ఏది అసలు ఆచారమో, ఏది కాదో చెప్పే పని మీదేసుకున్నారు. దీని వెనక ఒక న్యాయమైన ఆందోళన లేకపోలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్, ఈ దేశంలో మతం పుట్టుక నుంచి చావు దాకా అన్నిటినీ కప్పేస్తుందని, దాని పరిధిని తగ్గించకపోతే ఏ సామాజిక సంస్కరణా సాధ్యం కాదని హెచ్చరించారు. ఆస్తి హక్కు, వారసత్వం, అంటరానితనం అన్నీ మతం కిందకే వస్తాయంటే చట్టానికి పని ఉండదు. ఆ భయం నిజమైనదే.

కానీ ఆ కత్తెర అన్ని చోట్లా ఒకేలా తెగలేదు. ఆనందమార్గ్ అనే ఆధ్యాత్మిక సంస్థ 1955లో మొదలైంది. పుర్రె, కత్తి పట్టుకుని వీధుల్లో చేసే తాండవాన్ని 1966లో తమ ఆచారాల్లో చేర్చుకున్నారు. కలకత్తా పోలీసులు దాన్ని అడ్డుకున్నప్పుడు, ఆనందమార్గ్ ప్రత్యేక మతం కాదని, హిందూ మతంలోని ఒక శాఖ అని, తాండవం తర్వాత వచ్చి చేరింది కాబట్టి ముఖ్యమైన ఆచారం కాదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. నడిబజార్లో కత్తులతో ఊరేగింపును పోలీసులు ఆపొచ్చు, అందుకు శాంతిభద్రతల కారణం చాలు. కానీ కొత్తగా వచ్చింది కాబట్టి ముఖ్యం కాదు అనే తర్కం నాకు మింగుడుపడదు. కొత్త సంప్రదాయానికి ప్రతి ఆచారమూ కొత్తదే. పన్నెండో శతాబ్దంలో బసవన్న అనుచరులు మెడలో ఇష్టలింగం కట్టుకున్నప్పుడు ఈ తర్కాన్నే వాడి ఉంటే వాళ్ళకేం మిగిలేది?

ఆరోవిల్ కేసు ఇంకా లోతైనది. 1968లో పుదుచ్చేరి దగ్గర అరవిందుల ఆదర్శాలతో మొదలైన ఆ నగరం, 1973లో ఆయన ఆధ్యాత్మిక సహచరి మదర్ చనిపోయాక అరవిందో సొసైటీకీ, అక్కడి నివాసులకూ మధ్య గొడవల్లో చిక్కుకుంది. 1980లో కేంద్రం చట్టం తెచ్చి యాజమాన్యాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. మాది మత శాఖ, మా సంస్థను మేమే నడుపుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది అని సొసైటీ వాదించింది. 1982 నవంబరులో సుప్రీంకోర్టు బెంచిలోని అయిదుగురు జడ్జిలలో ఎక్కువమంది దీన్ని కొట్టేశారు. వాళ్ళ ఆధారం అరవిందుల మాటలే. తాను మతం స్థాపించడం లేదని ఆయనే చెప్పారు, మదర్ కూడా అదే చెప్పారు, సొసైటీ తన పత్రాల్లో మతం ఊసెత్తలేదు. కాబట్టి ఇది తత్వశాస్త్రం, మతం కాదు.

ఆ బెంచిలో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. చట్టం చెల్లుతుందన్న ముగింపుతో ఆయన ఏకీభవించారు, ఎందుకంటే ఆ చట్టం ఎవరి నమ్మకాన్నీ తాకలేదు, నిర్వహణను మాత్రమే తీసుకుంది. కానీ మతం కాదన్న మాటతో మాత్రం కలవలేదు. అరవిందుల మార్గాన్ని కొత్త మతం అనకపోయినా హిందూ మతంలో ఒక కొత్త శాఖ అనొచ్చని, దాన్ని అనుసరించేవాళ్ళను మత శాఖగా గుర్తించొచ్చని రాశారు. మతం అనే మాటకు బిగించిన నిర్వచనం ఇవ్వలేమని, అది అంతరాత్మకు సంబంధించినదని, అయితే పూజ రూపంలోనో క్రియ రూపంలోనో బయటికి కనిపించేదై ఉండాలని ఆయన దృష్టి. నాకు ఈ రెండో దారే సరైనదనిపిస్తుంది. స్థాపకుడు మతం కాదన్నంత మాత్రాన, ఆయన సమాధి దగ్గర రోజూ మౌనంగా కూర్చుని, తన జీవితమంతా ఆ మార్గానికి అప్పజెప్పిన మనిషికి అది ఏమవుతుందో తేలిపోదు. బుద్ధుడు తన విగ్రహం పెట్టి దండం పెట్టమన్నాడా?

నాలుగేళ్ళ తర్వాత చిన్నప్పరెడ్డి ఇదే దృష్టిని ఇంకో కేసులో ఇంకా సూటిగా చెప్పారు. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు స్కూల్లో జాతీయగీతం పాడే సమయంలో గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. 1985లో వాళ్ళను స్కూలు నుంచి పంపేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఒక నమ్మకం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, దాన్ని వాళ్ళు చిత్తశుద్ధితో నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలని ఆ తీర్పు చెప్పింది. జడ్జి పండితుడి కుర్చీ దిగి, ఎదురుగా ఉన్న పిల్లల కళ్ళలోకి చూసిన తీర్పు అది.

అలాగైతే మనిషి మాట మీదే వదిలేద్దామా? మాది మతం అన్నవాళ్ళది మతం, మాది వేరు అన్నవాళ్ళది వేరు, అంతేనా? ఇక్కడే ఇంకో ముడి ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బొంబాయి రాష్ట్రం దళితులకు గుడి తలుపులు తెరిచే చట్టం తెచ్చింది. 1948 జనవరిలో అహమ్మదాబాదు స్వామినారాయణ సంప్రదాయంలో కొందరు కోర్టుకెక్కారు. మేం హిందువులం కాము, మాది వేరే మతం, కాబట్టి ఆ చట్టం మా గుడికి వర్తించదని వాళ్ళ వాదన. అంటే వేరే మతమని చెప్పుకోవడం దళితులను గుమ్మం బయట నిలబెట్టడానికి ఒక సాధనమైంది. 1966లో సుప్రీంకోర్టులో జస్టిస్ గజేంద్రగడ్కర్ దాన్ని కొట్టేశారు. ఆ సందర్భంలో హిందూ మతానికి ఆయన ఇచ్చిన వివరణ, వేదాలపై గౌరవం, మార్గాల వైవిధ్యం, దేవుళ్ళు అనేకం అన్న తిలక్ మాటల్ని తలుచుకుంటూ సాగుతుంది. ఆ వివరణ చాలామందికి ఇరుకనిపించవచ్చు, కొందరికి మరీ విశాలమనీ అనిపించవచ్చు. ముగింపు మాత్రం న్యాయమైనదే.

రామకృష్ణ మిషన్ కథలో పణం వేరు. పశ్చిమ బెంగాల్లో తన కాలేజీ పాలకమండలి మీద వివాదం వచ్చినప్పుడు, రామకృష్ణుల మార్గం ప్రత్యేక మతమని, మైనారిటీల విద్యాసంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చే రక్షణ తమకుందని మిషన్ వాదించింది. కలకత్తా హైకోర్టు ఒప్పుకుంది, 1995లో సుప్రీంకోర్టు కాదంది. తాను హిందువునని గర్వంగా చెప్పుకున్న వివేకానందుడు పెట్టిన సంస్థ ఇలా వాదించాల్సి రావడం చూస్తే, తప్పు వాళ్ళ మీదే వేయలేం. కాలేజీని కాపాడుకోవడానికి చట్టంలో వాళ్ళకు కనిపించిన తలుపు అది. 2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం లింగాయతులను ప్రత్యేక మతంగా గుర్తించమని కేంద్రానికి సిఫార్సు చేసినప్పుడూ ఎన్నికల వేడి ఒకవైపు, మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్న ఇంకోవైపు ఉన్నాయి. కేంద్రం ఒప్పుకోలేదు. కానీ వేదాలను కాదని, కులాన్ని కాదని వచనాలు చెప్పిన ఒక సంప్రదాయం మేం వేరు అని అనడంలో ఎన్నికలకు మించిన, ఎనిమిది వందల ఏళ్ళ బరువు ఉంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

బయటి దేశాల్లోనూ ఇంతే. అమెరికాలో పుట్టిన సైంటాలజీ అనే కొత్త ఉద్యమాన్ని చూడండి. 1970లో ఇంగ్లండు కోర్టు, అక్కడ దేవుడికి ఆరాధన లేదు కాబట్టి అది ప్రార్థనాలయం కాదంది. 2013లో లండన్ చాపెల్లో పెళ్ళి చేసుకోవాలన్న ఒక జంట కేసులో అదే దేశపు సుప్రీంకోర్టు పాత తీర్పును తోసేసింది. మధ్యలో 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు, పేరోల్ టాక్స్ విషయంలో, అది మతమేనని తేల్చింది. మోసగాళ్ళు కూడా ఈ నీడలోకి వచ్చి చేరడం మతస్వేచ్ఛకు మనం చెల్లించక తప్పని ధర అని అక్కడి జడ్జిలలో ఇద్దరు రాశారు. మోసం చేస్తే మోసం కేసు పెట్టాలి, అది మతం కాదని నిరూపించే శ్రమ అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాళ్ళందరికీ పుస్తకాలున్నాయి, సంస్థలున్నాయి, వకీళ్ళున్నారు. అవేవీ లేనివాళ్ళ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్లో పుష్య అమావాస్య రాత్రి గోండుల్లోని మెస్రం వంశస్థులు నాగోబాకు మహాపూజ చేస్తారు. అంతకు ముందు వాళ్ళు కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్ళి ఇత్తడి ఝరిలో గోదావరి నీళ్ళు తెస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడి ముందుకు తీసుకెళ్ళి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. గోండులు తమ వంశాలను నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలుగా లెక్కపెట్టుకుంటారు. ఒకే సగలో పెళ్ళి సంబంధం కలుపుకోరు. ఎవరి సగ ఎలా పుట్టిందో ప్రధాన్లు అనే గాథలు పాడేవాళ్ళు కిక్రి అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడతారు, ఆ పాటే వాళ్ళకు శాస్త్రం. ఇక్కడ దేవుణ్ణి, చుట్టరికాన్ని, పెళ్ళిని విడదీసి చూపించమంటే ఎవరివల్లా కాదు. మీ మతం ఏమిటి అని అడిగితే, నా సగ ఇది, నా దేవుడి ఊరు ఇది అన్నదే నిజమైన జవాబు.

ఆ జవాబుకు ప్రభుత్వ కాగితంలో చోటు లేదు. 1931 జనగణనలో గిరిజన మతం అనే వర్గం ఉండేది, స్వాతంత్ర్యం వచ్చాక అది పోయింది. ఇటీవలి జనగణనల్లో హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన అనే ఆరింటికే కోడ్లు. మిగతావాళ్ళు పేరు రాస్తే 'ఇతర మతాలు' కింద కలిపేస్తారు. అయినా 2011లో సుమారు 49 లక్షల మంది పట్టుబట్టి తమది సర్నా అనే ఆదివాసీ మతమని, సుమారు 10 లక్షల మంది గోండు మతమని రాయించారు. 2020 నవంబరులో ఝార్ఖండ్ శాసనసభ సర్నాకు ప్రత్యేక కోడ్ ఇవ్వాలని తీర్మానం చేసింది. గోండుల్లో హిందువులమని రాయించుకునేవాళ్ళూ ఎందరో ఉన్నారు, శివుణ్ణి, రాముణ్ణి కొలిచేవాళ్ళున్నారు, క్రైస్తవులూ ఉన్నారు. అది వాళ్ళిష్టం. కానీ అడగకుండానే హిందువుగా రాసుకుపోయే ఎన్యూమరేటర్ పెన్ను వల్ల ఆ ఇష్టం ఏమిటో మనకు తెలియకుండా పోతోంది.

పెళ్ళిళ్ళ చట్టంలో ఇంకో విచిత్రం ఉంది. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు కానివారు మామూలుగా హిందువుల లెక్కలోకే వస్తారు. అదే చట్టం షెడ్యూల్డ్ తెగలకు మాత్రం, కేంద్రం ప్రత్యేకంగా చెబితే తప్ప, వర్తించదు. అంటే జనగణన పుస్తకంలో హిందువుగా లెక్కకెక్కిన గోండు, పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి తన ఆచారం ప్రకారమే నడుస్తాడు. చట్టం తెలియకుండానే సరైన పని చేసింది. పెళ్ళి కోసం అడిగినప్పుడు ఒక జవాబు, లెక్క కోసం అడిగినప్పుడు ఇంకో జవాబు ఉండొచ్చని ఒప్పుకుంది.

దాన్ని తెలిసే చేయాలన్నది నా వాదన. మనిషిని లెక్కపెట్టేటప్పుడు అతను చెప్పిన పేరే రాయాలి, అక్కడ పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఏ మతమూ లేదంటే అదీ రాయాలి. బర్త్ సర్టిఫికెట్ దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే కాలం పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది ఇందుకే. మనిషి అంతరాత్మను కాపాడాల్సి వచ్చినప్పుడు చిత్తశుద్ధి చూస్తే చాలు. ఆస్తి, పన్ను, కాలేజీ దగ్గరికి వచ్చినప్పుడు లెక్కలు అడగొచ్చు. ఇంకొకరిని గుమ్మం బయట నిలబెట్టడానికి మతం పేరు వాడితే, అది నిజంగా మతమే అయినా సరే, ఒప్పుకోకూడదు.

ఈ కొలతలు తారుమారైతే ఏమవుతుందో ఆంధ్ర పల్లెల్లో రోజూ కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్ళిన దళితుడు ఆంధ్రప్రదేశ్లో బీసీ-సీ అవుతాడు. అతనితో పాటు ఊరి చివరి పేట మారదు, శ్మశానం మారదు. మాలపల్లె చర్చి, మాదిగపల్లె చర్చి వేరువేరుగా ఉండడం మనకు కొత్త సంగతి కాదు. ఎస్టీల విషయంలో ఈ షరతు లేదు, గోండు ఏ మతంలో ఉన్నా గోండే. ఎస్సీ హోదా పుట్టింది అంటరానితనం వల్ల. అది ఇంకా అంటిపెట్టుకుని ఉందా లేదా అని చూడాల్సిన చోట, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతున్నాం. అందుకే చాలా కుటుంబాలు సర్టిఫికెట్లో ఒక మతం, ప్రార్థనలో ఒక మతంతో, ఎప్పుడు ఎవరు ఫిర్యాదు చేస్తారోనన్న టెన్షన్తో బతుకుతున్నాయి. దీన్ని పరిశీలించమని 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆ మూడో పేరాను మార్చే అధికారం మాత్రం పార్లమెంటుదే. 1956లోనూ 1990లోనూ వాడింది ఆ అధికారాన్నే.